కస్తూరక్క మాన్యువల్‌కు ఎర్రసిరా అభిషేకం

గునపం పట్టకుండా, కూలీలను పిలవకుండా ఒక ఇంటిని పడగొట్టడం ఎలాగో మీలో ఎవరికైనా తెలుసుకోవాలని ఉంటే నన్నడగండి. నేను ఒకే ఇంటిని రెండుసార్లు పడగొట్టాను. మొదటిసారికి ఆ ఇల్లు ఇంకా కట్టనే లేదు. అప్పుడు నా చేతిలో ఉన్నది ఒక ఎర్రపెన్ను. రెండోసారి గృహప్రవేశం నాడే పడగొట్టాను. అప్పుడు నా చేతిలో ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే నా నేరం.

కథలోకి వెళ్లే ముందు ఒక మనవి. మాది పుదుచ్చేరి పక్కన విల్లియనూరు. మా పెద్దలు తెలుగు నేల వదిలి అక్కడికి ఎప్పుడొచ్చారో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు మా నోట్లో ఆడేదే గాని కంటికెప్పుడూ కనబడింది కాదు. పెళ్లయి నెల్లూరు వచ్చాక మా పాప పలక పక్కన కూర్చొని ఈ అక్షరాలు నేర్చుకున్నాను. అందుకని ఇందులో తప్పులుంటే నిస్సంకోచంగా దిద్దండి. ఏ పెన్నుతో దిద్దాలన్నది మాత్రం చివరిదాకా చదివాక తేల్చుకోండి.

రెండు వేల నాలుగు ప్రాంతంలో పుదుచ్చేరి బజారుకు దగ్గరలో, ఒక చెప్పుల కొట్టు పైన, మా ఆఫీసు ఉండేది. విదేశాల కంపెనీలు సాఫ్ట్‌వేర్ తయారు చేస్తే, దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు మేం ఇంగ్లీషులో రాసిచ్చేవాళ్లం. వాటినే మాన్యువళ్లు అంటారు. ప్రపంచంలో ఎవరూ చదవని పుస్తకాలు రెండు రకాలు, ఒకటి మాన్యువల్, రెండోది మిక్సీ కొన్నప్పుడు పెట్టెలో వచ్చేది. నిజానికి రెండూ ఒకటే. ఆ ఎవరూ చదవని పుస్తకాన్ని అక్షరం అక్షరం చదివి దిద్దే ఎడిటర్ ఉద్యోగం నాది.

ఆ ఉద్యోగం నాకు ఇప్పించింది కస్తూరక్క. రక్తసంబంధం లేదు, మా వీధిలోనే పుట్టింది కాబట్టి అక్క. వాళ్ల నాన్న బట్టల మిల్లులో పనిచేసేవాడు, మొగుడు గవర్నమెంటు బస్సు కండక్టరు. ఆ ఆఫీసులో అక్క మాన్యువళ్లు రాసేది. రాయడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. ఎదురుగా వాళ్లమ్మ కూర్చొని ఉన్నట్టు, ఆమెకు కంప్యూటర్ నేర్పిస్తున్నట్టు ఊహించుకొని రాసేది. వాక్యాలు చిన్నవి. చదివితే ఎవరో చెయ్యి పట్టుకొని మెట్లు ఎక్కించినట్టుండేది.

ఆఫీసు మొత్తంలో తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే. అందరి మధ్యలో కూర్చొని అందరి గురించీ మాట్లాడుకోగల అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి?

"ఏమే రేవతీ, మన సారు కొత్త చొక్కా చూసినావా? కిటికీకి కట్టే కర్టను మాదిరి ఉండాది."

"అక్కా, మెల్లగా! ఆయన ఇటే చూస్తున్నాడు."

"చూడనీ. ఆయనకి ఏం తెలస్తాది? నేను మొహం బిగబట్టుకొని పని మాట్లాడతా ఉండానని అనుకుంటాడు, పావం."

ఆ సారు పేరు ఫ్రాన్సిస్. మా ఆఫీసుకు పెద్ద. మంచివాడే, కాకపోతే మాన్యువళ్లు చదివే ఓపిక ఆయనకు లేదు. దిద్దిన కట్టను చేతికిస్తే, పేకముక్కలు కలిపినట్టు బొటనవేలితో బుర్రుమని తిప్పేవాడు. పేజీలు తెల్లగా కనబడితే రాసినవాళ్లు మంచి రచయితలు. ఎర్రగా కనబడితే కాదు. ఉద్యోగాలు పర్మనెంటు కావడం, కాకపోవడం ఆ బొటనవేలి మీదే నడిచేది.

అందుకే మొదటి రోజే అక్క నన్ను కూర్చోబెట్టి ఒక చేతిలో ఎర్రపెన్ను, ఇంకో చేతిలో పెన్సిల్ పెట్టింది.

"బాగా విను పాపా. తప్పుంటే ఎరుపు. తప్పు కాదు గానీ ఇట్లా ఉంటే ఇంకా బాగుంటాదే అనిపిస్తే పెన్సిలు. పెన్సిల్ గీత రాసినోళ్లకి. ఇష్టముంటే తీసుకుంటారు, లేదంటే రబ్బరుతో తుడిచేస్తారు. ఎరుపు మాత్రం నేరుగా సారు దగ్గరికి పోతాది."

"సరే అక్కా."

"ఉత్త సరే కాదు. మర్చిపోబాక."

నేను మర్చిపోలేదు. అదే విచిత్రం. నాకు పెన్సిలంటే చులకన. చెరిపితే పోయేది కూడా ఒక దిద్దుబాటేనా అనుకున్నాను. పెన్సిల్ పట్టుకుంటే మూడో క్లాసు పిల్లలా ఉండేది. ఎర్రపెన్ను పట్టుకుంటే హెడ్‌మాస్టర్‌లా ఉండేది. నాకు హెడ్‌మాస్టర్‌లా ఉండడమే ఇష్టం.

ఇలా ఉండగా ఆఫీసు బీరువాలో ఒక లావుపాటి విదేశీ వ్యాకరణ పుస్తకం నా కంటబడింది. అందులో ఒక నియమం నన్ను పూనింది. పూనిందనే అనాలి, వేపమండలు ఒక్కటే తక్కువ.

ఆ నియమం ఏమిటంటే, ఇంగ్లీషువాళ్లకు మనలాగా "నువ్వు తెరిచిన ఫైలు" అని ఒక్క ఊపులో చెప్పే సుఖం లేదు. ముందు "ఫైలు" అంటారు, దానికొక కొక్కెం తగిలిస్తారు, ఆ కొక్కేనికి "నువ్వు తెరిచావు" అన్నది వేలాడదీస్తారు. కొక్కేలు రెండు, దట్, విచ్. ఏ ఫైలో తేల్చి చెప్పాలంటే దట్ వాడాలట. తెలిసిన ఫైలు గురించి ఇంకో ముక్క కలపాలంటే కామా పెట్టి విచ్ వాడాలట. చాలామంది మంచి రచయితలు రెండింటికీ విచ్ వాడేస్తారు. అర్థం ఏమీ మారదు, చదివేవాళ్లకు ఏ నష్టమూ లేదు. ఈ ఆఖరి సంగతి కూడా ఆ పుస్తకంలోనే, అదే పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. చిన్న అక్షరాలు చదివే వయసు కాదు నాది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఎడిటరు ఏమీ ఎరగదు. ఆఫీసులో నీళ్ల క్యాను మీద అంటించిన నోటీసు దిద్దాను. మేం భోంచేసే మెస్సులో గోడమీది బోర్డు దిద్దాను. అక్కడి ఓనరు తర్వాత నాకు సాంబారు పైన తేరిన నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. మా నాన్న తెచ్చిన పెళ్లిసంబంధం వాళ్ల కాగితంలో "అబ్బాయి పనిచేస్తున్న కంపెనీ" అన్నచోట విచ్ ఉంటే, దాన్ని కొట్టేసి దట్ రాసి, బ్రోకరు చేతికే తిరిగిచ్చాను.

"ఏమే, అబ్బాయి నచ్చినాడా లేదా?" అంది అమ్మ.

"అబ్బాయి సంగతి తర్వాతమ్మా. ముందు వాక్యం బాగుపడాలి."

"వాక్యంతో కాపురం చేస్తావా ఏంది?"

ఆ సంబంధం మళ్లీ మా గడప తొక్కలేదు. నేను దాన్ని కూడా విజయంగానే లెక్క వేసుకున్నాను.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం కస్తూరక్క ఒక కట్ట తెచ్చి నా బల్లమీద పెట్టింది. విదేశాల్లో ఆసుపత్రులవాళ్లు, ఏ రోగికి ఏ మంచం ఇవ్వాలో చూసుకునే సాఫ్ట్‌వేర్ తాలూకు మాన్యువల్ అది. అక్క రాసినవాటిలో అదే పెద్దది.

"ఇది నీ చేతికే వచ్చింది, నా అదృష్టం" అంది. "ఇది బాగా పోతే నన్ను పర్మనెంటు చేస్తానని సారు చెప్పినాడే. పర్మనెంటు కాగితం చూపిస్తే బ్యాంకోళ్లు ఇంటిలోను ఇస్తామన్నారు. కదిర్కామంలో మాకు జానెడు జాగా ఉండాది గదా, ఆడ నాలుగు గోడలు లేపితే చాలు. మా బావగారి మేడమీది గదిలో ఇంకా ఎన్నాళ్లే? తుమ్మితే కింద వాళ్లకి వినిపిస్తాది."

"కట్టేస్తావులే అక్కా."

"వంటింటి కిటికీ మాత్రం తూర్పుకే పెడతా. పొద్దున్నే స్టౌ మీద ఎండ పడాల. అయితే నువ్వు నాకోసం చూసీచూడనట్టు పోబాక. తప్పుంటే తప్పని చెప్పు. మొగమాటం వద్దు."

మొగమాటమా? నాకా? అక్క జీవితం ఈ కట్టమీద ఉంది కాబట్టి, ఇంకెవరికీ దిద్దనంత బాగా దిద్దాలని నిశ్చయించుకున్నాను. నవ్వకండి, నిజంగా ప్రేమతోనే కూర్చున్నాను. అదే నన్ను ఇప్పటికీ కుదిపేస్తుంది. పగతో చేసుంటే కొంచెమైనా దయ చూపించి ఉండేదాన్ని.

అక్క వాక్యాల్లో తప్పు అనదగ్గది మచ్చుకైనా లేదు. కాని విచ్‌లున్నాయి. చెరువులో కప్పల్లా ఏ పేజీ కదిలిస్తే ఆ పేజీలోనుంచి దూకాయి. అన్నిటినీ పట్టుకున్నాను. ఒక్కోదాన్ని కొట్టేసి, పైన దట్ రాసి, పక్కన మార్జిన్లో గుండ్రంగా సున్నా చుట్టి, ఆ సున్నాకొక బాణం వేశాను. కొన్నిచోట్ల ఉత్సాహం పట్టలేక ఆశ్చర్యార్థకాలు కూడా పెట్టాను. పిచ్చోడి చేతిలో రాయి ఎవరికి తగులుతుందో తెలియదంటారు. పిచ్చిదాని చేతిలో ఎర్రపెన్ను ఎవరికి తగులుతుందో మాత్రం నాకు బాగా తెలుసు, అయినా ఆలోచించలేదు. పని పూర్తయ్యేసరికి ఆ కట్ట పండగనాడు గడపలా ఉంది, పసుపు ఒక్కటే తక్కువ. తీసుకెళ్లి ఫ్రాన్సిస్ సార్ బల్లమీద పెట్టాను.

ఆయన బొటనవేలు బుర్రుమంది. మధ్యలో ఆగింది. మళ్లీ మొదటినుంచి బుర్రుమంది. ఆయన మాట్లాడింది తమిళంలో, మీకోసం తెలుగు చేస్తున్నాను.

"ఏమిటిది?"

"దిద్దాను సార్!"

"ఇదంతానా?"

"అంతా సార్! ఒక్క పేజీ వదల్లేదు!"

"రాసింది కస్తూరేనా?"

"ఆమే సార్!"

సార్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "నేను ఆమెను పర్మనెంటు చేద్దామని కాగితం సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఇన్ని తప్పులు రాసే మనిషిని ఎలా పర్మనెంటు చేసేది?"

నా కాళ్ల కింద చెప్పుల కొట్టు కదిలినట్టయింది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, పెన్సిల్ గుర్తొచ్చింది.

"సార్, అవి తప్పులు కావు సార్."

"తప్పులు కాకపోతే ఎర్రగా ఎందుకున్నాయి?"

"అవి... మెరుగులు సార్."

"మెరుగులకు పెన్సిల్ కదా?"

"పెన్సిల్ ములుకు విరిగింది సార్."

"మనకు షార్పనర్ లేదా?"

"ఉంది సార్."

"ఎరుపు పెట్టింది మీరు. తప్పులంటున్నది మీ పెన్ను. కాదంటున్నది మీ నోరు. నేను దేన్ని నమ్మాలి?"

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కన్నీళ్లు పెట్టుకొనో, కాళ్లు పట్టుకొనో నిజం చెప్పి ఉంటే సార్ ఒప్పుకునేవాడే. కాని నాకొక తెలివి పుట్టింది. నా తెలివి ఎప్పుడూ ఒంటరిగా రాదు, వెనకాల ఒక ఉపద్రవాన్ని వెంటబెట్టుకొని వస్తుంది. "ఒక్క పూట టైమివ్వండి సార్, సరిచేసి తెస్తాను" అని ఆ కట్ట లాక్కొని వచ్చేశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు లోకంలో. నేను రబ్బరు పట్టుకున్నాను. ఎర్రసిరా రబ్బరుకు పోతుందా? కాగితం పోయింది. రెండు పేజీలకు కిటికీలు పడ్డాయి. అప్పుడు కిందికి పరుగెత్తి వైట్‌నర్ సీసాలు కొనుక్కొచ్చి, భోజనం మానేసి, మార్జిన్ మార్జిన్‌కూ సున్నం కొట్టడం మొదలుపెట్టాను. వైట్‌నర్ ఎండకముందే పేజీ తిప్పితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే అక్షరాలు ఊడి పక్క పేజీకి చేరాయి. రోగి పేరు నొక్కమన్న వాక్యం వెళ్లి ప్రింటరు ఆపేయమన్న వాక్యం నెత్తిన కూర్చుంది. ఎరుపు మాత్రం సున్నం కింద గులాబీ రంగులో తొంగి చూస్తూనే ఉంది.

వెనకనుంచి ఫ్రాన్సిస్ సార్ గొంతు వినబడింది. "ఏం చేస్తున్నారు?"

"సరిచేస్తున్నాను సార్."

"తప్పులు దాచిపెడుతున్నారు." ఆయన గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండును. అటువైపు బల్ల దగ్గరున్న కస్తూరక్కను కూడా రమ్మని పిలిచాడు. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. నవ్వుతూ వచ్చింది. బల్లమీది కట్ట చూసింది, దాంట్లో తన వాక్యాలు గుర్తుపట్టింది, నవ్వు ఆగిపోయింది.

"మీరిద్దరూ ఒక ఊరివాళ్లని నాకు తెలుసు" అన్నాడు సార్. "పొద్దస్తమానం మాకెవరికీ తెలియని భాషలో మాట్లాడుకుంటారు. ఏం మాట్లాడుకుంటారో నేనెప్పుడూ అడగలేదు. కస్తూరీ, ఈమె చేత నీ తప్పులు తుడిపించుకుంటావని మాత్రం అనుకోలేదు."

"సార్, అక్క అడగలేదు సార్! ఆమెకు తెలియనే తెలియదు!" అన్నాను.

"ఊరివాళ్లను కాపాడుకోవడం మంచి గుణమే" అన్నాడు సార్, వెళ్లిపోతూ.

అలా, ఒక్క తప్పూ రాయని మనిషి నా పుణ్యాన తప్పులు రాసిందీ అయింది, రాసినవి తుడిపించిందీ అయింది. అక్క ఆ కట్ట తీసుకొని ఒక పేజీ చూసింది, ఇంకో పేజీ చూసింది. వేలితో ఒక సున్నా మీద రుద్దింది. వైట్‌నర్ పొడి రాలింది.

"పెన్సిల్ ఇచ్చినా గదే నీకు" అంది. అంతే. చాలాకాలం వరకు ఆమె నాతో మాట్లాడిన ఆఖరి తెలుగు మాట అదే.

తర్వాత రోజు భోజనం వేళ నా బల్ల దగ్గర ఆగి, తమిళంలో, ఎంతో మర్యాదగా, "సాప్టీంగళా?" అంది. భోంచేశారా అని. వినండి, తిన్నావా ఏమే కాదు, భోంచేశారా! కొత్తగా వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు అడిగింది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆఫీసులో కాబట్టి, సార్ చెవిన పడుతుందని అలా మాట్లాడుతోందిలే అనుకున్నాను. సాయంత్రం విల్లియనూరు బస్సులో, చుట్టూ కోడిగంపల మధ్య, "అక్కా, నన్ను తిట్టు. నాలుగు తిట్టక్కా" అన్నాను.

"పరవాయిల్లీంగ" అంది. పర్వాలేదండీ అని.

తిడితే పడేదాన్ని. కొడితే ఇంకో చెంప చూపించేదాన్ని. "అండీ" అంటే ఏ చెంప చూపించాలో నాకు తెలియలేదు.

మాన్యువల్‌ను మళ్లీ శుభ్రంగా ప్రింటు తీసి, నా మార్పుల సంగతి కూడా రాసి, విదేశం కంపెనీకి పంపారు. వాళ్ల దగ్గరనుంచి జవాబొచ్చింది. రాసినామె వాక్యాలు చక్కగా ఉన్నాయి, ఆ మార్పులేవీ అక్కర్లేదు, మొదట ఉన్నట్టే ఉంచండి అని. ఫ్రాన్సిస్ సార్ అది మాత్రం అక్షరం అక్షరం చదివాడు. కాని పర్మనెంటు చెయ్యాల్సినవాళ్ల పేర్లు అప్పటికే పెద్దాఫీసుకు వెళ్లిపోయాయి. మళ్లీ చూద్దాం అన్నాడు. ఆ మళ్లీ రాకముందే అక్క ఆ ఉద్యోగం వదిలేసి ఊళ్లోనే ఇంకో ఆఫీసులో మొదటినుంచి మొదలుపెట్టింది. కదిర్కామం జాగాలో గడ్డి పెరిగింది. ఆ దారిన బస్సు వెళ్లినప్పుడల్లా నేను రెండోవైపు కిటికీలోంచి చూసేదాన్ని.

వీరాంపట్టినం అమ్మవారి తేరుకు, అంటే రథోత్సవానికి, అక్క, నేను ప్రతి ఏడూ కలిసే వెళ్లేవాళ్లం. ఆ సంవత్సరం నేను అమ్మతో వెళ్లాను. జనంలో అక్క ఎదురైంది.

"బాగుండావా పెద్దమ్మా? మోకాలి నొప్పి తగ్గిందా? ఏందీ ఎండ, తల మాడిపోతా ఉండాది" అంది అమ్మతో. తర్వాత నావైపు తిరిగి, "నల్లా ఇరుక్కీంగళా?" అంది. బాగున్నారా అని.

నేను కూడా తమిళంలోనే బాగున్నానన్నాను. నా ఇంటి భాష నా పక్కనే నిలబడి మా అమ్మతో మోకాలి నొప్పి గురించి మాట్లాడుతుంటే, నేను మాత్రం పరాయిదానిలా బొరుగుల పొట్లం పట్టుకొని నిలబడ్డాను.

"ఏమే, కస్తూరి నీతో మాత్రం అరవం మాట్లాడతాదేందే?" అంది అమ్మ ఆ తర్వాత.

"ఆఫీసు అలవాటమ్మా."

"అట్లాంటి అలవాటు ఏ ఆఫీసులో నేర్పిస్తారే?" అంది అమ్మ. నేను అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి, ఇక జన్మలో ఎవరి రాతలోనూ వేలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను. పెన్సిల్‌తో కూడా సరే.

ఆ ఒట్టును ఎంత నిష్ఠగా పాటించానో చెప్పాలి. ఎడిటర్ ఉద్యోగం మానుకొని అదే ఆఫీసులో ప్రింటర్ల దగ్గర పనికి మారాను. మెస్సు బోర్డు మీద ఇడ్లీకి ఎన్ని ఇష్టమైతే అన్ని అక్షరాలు పెట్టుకోనిచ్చాను. సాంబారు మళ్లీ అడుగునుంచి పోయడం మొదలైంది.

కొన్నేళ్లు గడిచాయి. కొత్త ఆఫీసువాళ్లు అక్కను పర్మనెంటు చేశారు, బ్యాంకు లోనిచ్చింది, కదిర్కామంలో నాలుగు గోడలు లేచాయి. ఒక ఆదివారం అక్క మా ఇంటికొచ్చింది. నేను పెరట్లో ఉండగానే అమ్మకు బొట్టు పెట్టి, ఎప్పుడు రావాలో నోటితోనే చెప్పి పిలిచింది. చుట్టాలందరికీ అలాగే. పాత ఆఫీసు, కొత్త ఆఫీసువాళ్లకు మాత్రం ఇంగ్లీషులో కార్డు. ఆ కార్డు నమూనా తీసి నా ముందు పెట్టింది.

"అచ్చుకిచ్చే ముందు కొంచెం చూసి చెప్పండి" అంది తమిళంలో. "మీరు చూస్తే నాకు నిశ్చింత."

నేను చేసినదాని తర్వాత కూడా, నన్నే చూడమంటోంది! కార్డు చేతిలోకి తీసుకున్నాను. అందులో ఒక విచ్ ఉంది. దానికి మనసులోనే దండం పెట్టి ముందుకు సాగాను. ముహూర్తం నాలుగున్నర నుంచి ఆరు, పీ.ఎం. అని ఉంది. సాయంత్రం పూట గృహప్రవేశమా అనిపించింది. నోరు తెరవబోయాను. లోపలనుంచి ఎర్రసున్నాలన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. నీకెందుకే? మంచి ముహూర్తం సాయంత్రమే ఉందేమో. నీ దిద్దుడు వల్లే కదా ఈ ఇల్లు ఇన్నేళ్లు లేటయింది?

"ఎలా ఉంది?" అంది అక్క.

"ఒక్క అక్షరం కదిలించక్కర్లేదక్కా" అన్నాను, ఋషిలా.

అమ్మ, టైము నాకు తెలుసులే అనుకొని, వంటకు సాయం అని ముందురోజే వెళ్లిపోయింది. నేను ఆ రోజు పట్టుచీర కట్టుకొని, పూలు పెట్టుకొని, సాయంత్రం నాలుగున్నరకు ఆఫీసు పటాలాన్నంతా వెంటబెట్టుకొని కదిర్కామం చేరాను. ఫ్రాన్సిస్ సార్ కూడా వచ్చాడు, చంకలో పెద్ద గోడగడియారం.

గుమ్మానికి కట్టిన మామిడాకులు వాడిపోయి ఉన్నాయి. బోర్లించిన ఇడ్లీ పాత్రలు వరుసగా ఆరుతున్నాయి. కస్తూరక్క పాతచీర ఎగదోపుకొని, చీపురుతో వాకిలి కడుగుతోంది. మమ్మల్ని చూసి అలాగే నిలబడిపోయింది.

"ఏమే, పొద్దుట్నించి యాడ చచ్చినావే?" అని లోపలనుంచి వచ్చింది అమ్మ. "తెల్లారకముందే ఆవు లోపలికి పోయింది, బయటకీ వచ్చింది! పావం, ఈ పిల్ల ఆఫీసోళ్లు ఒక్కరన్నా రాలేదే అని పొద్దుట్నించి వీధి చూస్తానే ఉండాది. అన్నం ముట్టలేదు."

ఫ్రాన్సిస్ సార్ జేబులోంచి కార్డు తీసి చదివాడు. మిగతావాళ్లూ తీశారు. అందరి కార్డుల్లోనూ పీ.ఎం. "అచ్చుకు ముందు ఎవరూ చూడలేదా?" అన్నాడు సార్. అక్క మెల్లగా నావైపు తిరిగింది.

"నువ్వు చూసినావా, లేదా?"

"చూశానక్కా."

"చూసి?"

"సాయంత్రమేమిటా అనుకున్నానక్కా."

"అనుకొని?"

"ఎవరి రాతా దిద్దకూడదని ఒట్టు పెట్టుకున్నానక్కా. వీరాంపట్టినంలో."

అక్క చీపురు కింద పడేసింది. "కండ్లు యాడ పెట్టుకున్నావే? దిద్దొద్దన్న చోట ఎర్రగా పూసిపెడతావు, దిద్దమన్న చోట నోట్లో బెల్లంగడ్డ పెట్టుకొని కూచుంటావు! ఒట్టంట ఒట్టు! పెన్సిల్‌తో ఒక్క గీత గీస్తే నీ చెయ్యి పడిపోతాదా ఏందే?"

ఆఫీసు పటాలమంతా నోళ్లు తెరుచుకొని చూస్తోంది, ఒక్కరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఏందే అంది! యాడ అంది! ఇన్నేళ్ల తర్వాత అక్క నన్ను తెలుగులో తిడుతోంది! ఏడుపు ఆగలేదు. పట్టుచీర కొంగంతా తడిసింది.

"ఎందుకే ఏడస్తావు? నేనేమన్నా కొట్టినానా?" అంది అక్క, ఆమె కళ్లు కూడా అలాగే ఉన్నాయి. "చాల్లే, రా. ఇంతమందికి ఏం పెట్టేది? ఉప్మా చేద్దాం."

వంటింట్లో నేను ఉల్లిపాయలు తరిగాను. అక్క తూర్పు కిటికీ చూపించింది. దానిలోంచి సాయంత్రం ఎండ రాదు. పొద్దున్నే వచ్చి ఉంటే చూసేదాన్ని. ఆ ఎండ అక్క స్టౌమీద ఎన్నేళ్ల ముందే పడాల్సిందో తలుచుకుంటే, ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. ఏ రబ్బరుకూ పోనిది అదొక్కటే.

ఇదంతా రాశాక నెల్లూరునుంచి అక్కకు ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆమెకు తెలుగు చదవడం రాదు కదా. మొత్తం విని, "అంతా సరే గానీ ఆ పొద్దు చేసింది ఉప్మా కాదే, పొంగలి" అంది.

"దిద్దమంటావా అక్కా?"

"అది నువ్వే తేల్చుకోవే. నాది పెన్సిల్ గీతే."

చెరపలేదు, దిద్దనూలేదు. ఆ గీత అలాగే ఉంచుకున్నాను. ఇందుమూలంగా సమస్త పాఠకలోకానికి తెలియజేయునదేమనగా, విల్లియనూరు రేవతి అను నేను, ఇకమీదట అడగనిచోట ఎర్రపెన్ను పట్టనని, అడిగినచోట పెన్సిల్ దాచనని, వాడిన ఆ మామిడాకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వీరాంపట్టినంలో పెట్టిన ఒట్టు రద్దు.